వెయ్యి నూట పదహార్ల త్రాసు

ఇంటి యజమాని కన్నుమూసిన తరువాత ఆయన బట్టలు ఎవరికి, చేతి గడియారం ఎవరికి, పుస్తకాలు ఎవరికి అన్న సంగతి సాధారణంగా పన్నెండో రోజు భోజనాలు ముగిసేలోగా తేలిపోతుంది. రాజమహేంద్రవరంలోని ఆ పాత పెంకుటింట్లో కూడా 2021 కార్తికమాసంలో అలాగే తేలింది. తేలకుండా మిగిలినది ఒక్క గది. పెరటి వసారాను ఆనుకొని, పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు ఉన్న గది అది. దాని తాళంచెవి దేవుడి పటం వెనుక మేకుకు వేలాడుతూ ఉండేది. ఇంట్లోని ఆడవాళ్ళెవరూ దానిని ముట్టుకొన్న జ్ఞాపకం లేదు.

కూతురు తాళం తీసింది. ఆమె హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేసి విరమించిన మనిషి. లెక్కలు తెలుసు గాని రసాయనాలు తెలియవు. తలుపు తెరవగానే లోపలినుంచి వచ్చిన వాసన చిన్నప్పుడు తండ్రి చొక్కాకు ఉండే వాసనే. గోడ పొడవునా నల్లరాతి బల్ల. దానిమీద గాజు కొమ్మల్లా నిలబెట్టిన బ్యూరెట్లు, చిలుకకొయ్యకు ఆరవేసిన పరీక్షనాళికలు, మూలగా ఒక విద్యుత్తు కొలిమి, బట్ట కప్పిన ఇత్తడి సూక్ష్మదర్శిని. గది నడిమధ్యన, విడిగా సిమెంటు దిమ్మె మీద, గాజు బీరువాలో ఒక త్రాసు.

ఇల్లు అపార్టుమెంట్లు కట్టే వారికి ఇచ్చివేయడం అప్పటికే నిశ్చయమైంది. ఉగాదినాటికి ఖాళీ చేయాలి. పూనాలో ఉద్యోగం చేస్తున్న అన్నగారు ఫోనులో ఒక్క మాటలో తేల్చివేశారు. “పాతసామాన్ల వాణ్ణి పిలిచి ఇచ్చెయ్యవే. ఆయన పోయాక ఆ గాజుపెంకులతో మనకేం పని?”

ఆ మాటలో నిష్ఠురమేమీ లేదు. దూరాన ఉన్నవారికి వస్తువులు అలాగే కనిపిస్తాయి.

ఆ గదికి ఒక చరిత్ర ఉంది. మాస్టారు కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పి 1994లో పదవీ విరమణ చేశారు. గది మాత్రం 1974లోనే మొదలైంది. ఏదో కర్మాగారం మూతపడి, దాని ప్రయోగశాలను వేలం వేశారు. త్రాసు, కొలిమి, రెండు పెట్టెల నిండా చిల్లర సామాను కలిపి రెండు వేల నాలుగు వందల రూపాయలు. ఆనాటి అధ్యాపకుడి జీతానికి అది చిన్న మొత్తం కాదు. భార్య చేతి బంగారు గాజులు నాలుగు తాకట్టుకు వెళ్ళాయి. 1977లో ఒక్కటి తిరిగి వచ్చింది. మిగిలిన మూడింటి ప్రస్తావన ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు. ఆవిడ మాత్రం ఆ గది గడప తొక్కలేదు.

ఆ సామానుతో మాస్టారు చేసినది గొప్ప పరిశోధన కాదు. రైతులు బోరు నీళ్ళు సీసాలో పట్టుకొని వచ్చేవారు. ఈ నీటికి మొక్క బతుకుతుందా అన్నదే వారి ప్రశ్న. నీటిలో కాస్త పొటాషియం క్రోమేటు వేసి, బ్యూరెట్టు నుంచి వెండి నైట్రేటు ద్రావణాన్ని చుక్కచుక్కగా వదులుతారు. ఉప్పు ఉన్నంతవరకు తెల్లని అవక్షేపం పడుతూనే ఉంటుంది. ఉప్పు చెల్లిపోయిన మరుక్షణం పడిన చుక్కకు ఆ పసుపుపచ్చని నీరు ఇటుక రంగుకు తిరుగుతుంది. ఎన్ని చుక్కలు పట్టాయో దానినిబట్టి ఉప్పెంతో లెక్క. ఇరుగుపొరుగు ఇల్లాళ్ళు పసుపు తెచ్చేవారు. ఆమ్లపు చుక్క వేస్తే ముదురు గులాబీ రంగు వచ్చి, నీళ్ళు కలిపినా చెదరకుండా నిలిస్తే అందులో మెటానిల్ యెల్లో అనే అద్దకపు రంగు కలిసిందన్నమాట. పాలు, నూనె, బెల్లం అన్నీ ఆ బల్ల మీదికే వచ్చేవి. ఇచ్చినవారు ఇచ్చేవారు, ఇవ్వనివారు దండం పెట్టి వెళ్ళేవారు. ఊళ్ళో ఆయనకు “నీళ్ళ మాస్టారు” అన్న పేరు స్థిరపడింది. పేరూ ప్రతీ, ఊరూ తేదీ, వచ్చిన అంకె అన్నీ నోటుపుస్తకాలలో ఉన్నాయి. అలాంటివి పంతొమ్మిది నోటుపుస్తకాలు.

వీలునామా లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అటువంటి ఆస్తి భార్యకు, కొడుకుకు, కూతురికి సమానంగా చెందుతుంది. ఆస్తి అనగానే మనకు పొలమో ఇల్లో స్ఫురిస్తుంది గాని, చట్టం దృష్టిలో ఆ గదిలోని ప్రతి పరీక్షనాళికకూ ముగ్గురు యజమానులు. అమ్మాలన్నా, దానం చేయాలన్నా ముగ్గురూ ఔననాలి. బ్యాంకులో పనిచేసిన మనిషి కనుక కూతురు ఈ సంగతిని మరిచిపోలేదు.

మొదట వచ్చినవాడు పాతసామాన్ల వ్యాపారి. మర్యాద తెలిసినవాడు. ఇత్తడిని ఇత్తడిగాను, ఇనుమును ఇనుముగాను, గాజును దండగగాను లెక్కించి మొత్తానికి పధ్నాలుగు వేలు అన్నాడు. గోనెసంచులు పరిచి చిల్లర సామాను వేరుచేయడం కూడా మొదలుపెట్టాడు. సరిగా ఆ సమయానికి పరామర్శకు వచ్చారు కళాశాలలో మాస్టారి దగ్గర ముప్పయ్యేళ్ళు పనిచేసిన ల్యాబ్ అటెండరు. డెబ్బయి నాలుగేళ్ళ వయసు. చెప్పులు వసారాలో విడిచి, గుమ్మంలో నిలబడి, గది నాలుగు మూలలా ఒకసారి చూశారు. కళ్ళు తుడుచుకొంటారనుకొన్నారు అందరూ. ఆయన చూపు పై అరలోని ఒక సీసా మీద ఆగిపోయింది.

“అమ్మాయిగారూ, ఆ పసుప్పచ్చ సీసా ఎవరూ ముట్టుకోలేదు కదా?”

“లేదు బాబాయ్. ఏం?”

“ముట్టుకోవద్దు. మూత అసలు తిప్పవద్దు. అబ్బాయ్, నువ్వు కొంచెం ఇవతలికి రా.”

అది పిక్రిక్ ఆమ్లం. చూడడానికి పసుపు గుండలా అందంగా ఉంటుంది. ఒకప్పుడు కాలిన గాయాలకు మందుగా కూడా వాడారు. తడిగా ఉన్నంతవరకు అది సాధువు. అందుకే దానిని నీళ్ళు పోసి నిలవ ఉంచుతారు. ఏళ్ళు గడిచి ఆ నీరు ఆరిపోతే, మూత మరల మధ్య చిక్కుకొన్న స్ఫటికాలు తిప్పినప్పటి రాపిడికే ప్రేలవచ్చు. 1917 డిసెంబరు 6న కెనడాలోని హాలిఫాక్స్ రేవులో రెండు ఓడలు ఢీకొని, ఒక దానిలోని సరుకు ప్రేలి రమారమి పద్ధెనిమిది వందల మంది మరణించారు. ఆ సరుకులో హెచ్చుభాగం ఈ పిక్రిక్ ఆమ్లమే. మాస్టారి సీసాలో ఉన్నది నూరు గ్రాములు. ఒక చేతికి, రెండు కళ్ళకు అది చాలు.

మర్నాడు పోలీసుల బాంబుల నిర్వీర్య దళం వారు వచ్చి దానిని జాగ్రత్తగా తీసుకువెళ్ళారు. వీధి వీధంతా గోడలమీద నిలబడి చూసింది. ఆవిడ మాత్రం వంటింటిలోనుంచి రాలేదు. “నలభయ్యేళ్ళు దాని పక్క గదిలో పడుకొన్నాను” అని మాత్రం అన్నారట.

ఈ సంఘటనతో కూతురు మనసు మారింది. ఆ గదిని గంపగుత్తగా అమ్మడానికి వీల్లేదని ఆమెకు తెలిసివచ్చింది. మాస్టారి పాత సహోద్యోగి ఒకరు ఫోనులో మరొక సంగతి చెప్పి ఆ నిశ్చయాన్ని గట్టిపరిచారు. ఢిల్లీలోని ఒక విశ్వవిద్యాలయపు రసాయన శాఖలో 1970లో కెనడా నుంచి తెప్పించిన వికిరణ యంత్రం ఒకటి 1985 నుంచి మూలపడి ఉంది. అందులో ఏముందో తెలిసినవారు వెళ్ళిపోయారు. 2010 ఫిబ్రవరిలో దానిని పాతసామాను క్రింద వేలం వేశారు. మాయాపురి పాత ఇనుము బజారులో దానిని విప్పినవారికి లోపలి కోబాల్టు సంగతి తెలియదు. ఏప్రిల్‌లో ఒకరు మరణించారు. మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. చనిపోయినవాడు చదువుకొన్నవాడు కాడు. అమ్మినవారు చదువుకొన్నవారు.

మాస్టారి గదిలో అటువంటివి లేవు. కాని పాదరసం ఉంది. అరచేతిలో పట్టే సీసాలో రెండు కిలోల బరువు. నీటికి పదమూడున్నర రెట్ల సాంద్రత గల లోహం మరి! వ్యాపారి దానికి వేరుగా మంచి ధర ఇస్తానన్నాడు. ఆ పాదరసం ఎక్కడో ఒక ఇరుకు కొట్టులో మంటమీద ఆవిరై, పనివాడి ఊపిరిలోకి పోతుందని అటెండరు అన్నారు. జపానులోని మినమాటా పట్టణం పాదరసం వలన పడిన బాధకు గుర్తుగా ఆ పేరుతోనే 2013లో ఒక అంతర్జాతీయ ఒప్పందం ఏర్పడింది. మన దేశం 2018లో దానిని ఆమోదించింది. ఒప్పందాలు దేశాల మధ్య జరుగుతాయి. సీసా మాత్రం ఎవరో ఒకరి ఇంటి అరలోనే ఉంటుంది.

విశాఖపట్నం దగ్గర పరవాడలో ప్రమాదకర వ్యర్థాలను శుద్ధిచేసే కేంద్రం ఉంది. అది పరిశ్రమల కోసం ఏర్పడినది. గృహస్థు అట్టపెట్టె పట్టుకొని వెళ్ళే చోటు కాదు. ఆరు వారాల ఉత్తరాల తరువాత, ఒక విశ్వవిద్యాలయపు రసాయన శాఖవారు దయతలచి, పాదరసాన్నీ తొంభైకి పైబడిన సీసాలనూ తమ వాటితో పాటు పంపడానికి ఒప్పుకొన్నారు. వ్యానుకు, ఇసుక నింపిన పెట్టెలకు అయిన ఖర్చు అన్నగారు పూనా నుంచి పంపారు. ఆయన ధోరణిలో వచ్చిన మొదటి మార్పు అది. పధ్నాలుగు వేలు వస్తాయనుకొన్న చోట తొమ్మిది వేలు చేతినుంచి పోయాయి.

దానం కన్నా అమ్మకం సులువనీ, ఆ రెంటికన్నా సరిగా పారవేయడం కష్టమనీ ఎవరైనా ముందుగా చెబితే నమ్మడం కష్టం.

ఇక సామాను. అటెండరు ఉదయం తొమ్మిదికి వచ్చి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళి, మళ్ళీ మూడింటికి వచ్చేవారు. కూతురు కాగితం మీద రాసేది. ఆయన ఒక్కొక్క గాజు వస్తువును వెలుతురుకు ఎత్తి, వేలిగోటితో మీటి, మోగిన తీరును బట్టి బీట ఉందో లేదో చెప్పేవారు. బీకరు క్రింద పెట్టే పాత తీగజాలీలను విడిగా మూట కట్టించారు. వాటి నడుమ ఉన్న తెల్లని పూత ఆస్బెస్టాసు. “అవి చూసే మేము ముప్పయ్యేళ్ళు వంటచేసినట్టు పనిచేశామండీ” అని నవ్వారు.

వ్యాపారి మొదటిరోజు వేరుచేసి వదిలివెళ్ళిన గోనెసంచిని కూడా ఆయన క్రింద ఒంపించారు. అందులో అయిదు నికెలు మూసలు, వాటితోపాటు మసిబారినట్టున్న మరొక చిన్న మూస. ఆయన దానిని అరచేతిలో వేసుకొని ఒక్క క్షణం తూచినట్టు ఆడించి, కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళారు. అయస్కాంతం తెమ్మన్నారు. నికెలు మూసలు ఎగిరి అంటుకొన్నాయి. ఇది కదలలేదు. అప్పుడు, మాస్టారు పోయిన తరువాత మొదటిసారిగా, త్రాసు బీరువా తలుపు ఎత్తారు. మూస బరువు గాలిలో 26.40 గ్రాములు. సన్నని దారంతో నీళ్ళలో వేలాడదీసి తూస్తే 25.17. కోల్పోయినది 1.23 గ్రాములు. ఆర్కిమిడీసు లెక్క ప్రకారం భాగిస్తే, నీటికన్నా ఇరవయ్యొకటిన్నర రెట్ల సాంద్రత. బంగారానికి కూడా అంత లేదు.

“ప్లాటినం అమ్మాయిగారూ. గదిలో ఉన్నదంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.”

వ్యాపారి మళ్ళీ వచ్చినప్పుడు ఈ సంగతి దాచకుండా చెప్పారు. అతడు కాసేపు మూసను తిప్పి చూసి, “బేరం తెగలేదు కదండీ, నాది కాదు” అని ఇచ్చివేశాడు. ఇనుప స్టాండులు, తెగిన తీగలు, పనికిరాని ఓవెను అతడికే ఇచ్చారు. మూసను శుద్ధికర్మాగారానికి అమ్మగా వచ్చిన సొమ్మును ముగ్గురూ సమానంగా పంచుకొన్నారు. విద్యుత్తు కొలిమిని పళ్ళసెట్లు తయారుచేసే ఒకాయన కొన్నాడు. వీటి విషయంలో ఎవరికీ మనసు తీయలేదు. పనికి వచ్చే వస్తువు పని ఉన్న చోటికి డబ్బు మీద నడిచి వెళ్ళింది, అంతే.

చిక్కు వచ్చినది త్రాసుతోనే.

హైదరాబాదు నుంచి ఒక పురాతన వస్తువుల వర్తకుడు వచ్చాడు. త్రాసుకు, సూక్ష్మదర్శినికి కలిపి ముప్పయ్ అయిదు వేలు ఇస్తానన్నాడు. ఎవరికని అడిగితే, ఒక కొత్త హోటలు ముందు గదిలో అలంకారానికన్నాడు. పళ్ళాలలో కృత్రిమ పుష్పాలు పెడతారట. అటెండరు ఆ మాటకు బయటికి వెళ్ళి చాలాసేపు వసారాలో కూర్చున్నారు.

ఉచితంగా ఇస్తామని మూడు కళాశాలలకు ఉత్తరాలు రాశారు. ఒకరు జవాబు రాయలేదు. ఒకరు, తమ దగ్గర విద్యుత్ త్రాసులు వచ్చాయనీ, క్షణంలో అంకె చూపిస్తాయనీ, రెండు పళ్ళాల త్రాసు నేర్పే తీరిక ఇప్పటి పాఠ్యక్రమంలో లేదనీ రాశారు. అది నిజమే. మూడవ చోట ప్రిన్సిపాలుగారు కాఫీ ఇప్పించి ఉన్న మాట చెప్పారు. దానం పుచ్చుకొంటే స్టాకు రిజిస్టరులో ఎక్కించాలి. ఒకసారి ఎక్కిన వస్తువు రేపు విరిగినా, తుప్పుపట్టినా, కమిటీ వేసి, నిరుపయోగమని తీర్మానించి, తీసివేయడానికి ఏళ్ళు పడుతుంది. ఆడిటులో ఒక పళ్ళెం కనబడకపోతే సంజాయిషీ ఆయనది. “తీసుకొని గదిలో పెట్టి తాళం వేయమంటే వేస్తానమ్మా” అన్నారు. కూతురు నమస్కారం పెట్టి వచ్చేసింది.

ఈ చిక్కు మాస్టారి ఇంట్లో పుట్టినది కాదు. ప్రాణవాయువు చరిత్రలో జంటగా వినిపించే ఇద్దరి సామాను సంగతి చూడండి. ఫ్రాన్సులో లవోజియేను 1794 మే 8న గిలటిన్ క్రింద చంపారు. ఆయన ప్రయోగశాలను ప్రభుత్వం స్వాధీనం చేసుకొని వస్తువు వస్తువుకూ జాబితా రాయించింది. తరువాత అవి భార్య మేరీ ఆన్‌కు తిరిగి వచ్చి, ఆ కుటుంబంలో చాలాకాలం ఉండి, చివరకు పారిస్ సంగ్రహాలయంలో అద్దాల వెనుకకు చేరాయి. ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ ఇంటినీ ప్రయోగశాలనూ 1791లో బర్మింగ్‌హామ్ అల్లరిమూకలు ధ్వంసం చేశాయి. ఆయన 1794లోనే అమెరికాకు వెళ్ళి, పెన్సిల్వేనియాలో మళ్ళీ ప్రయోగశాల కట్టుకొని, 1804లో మరణించారు. 1811లో ఆయన సామానులోని కొన్ని పరికరాలను డికిన్సన్ కళాశాల వెలపెట్టి కొన్నది. సూర్యకిరణాలను ఒకచోటికి చేర్చే పెద్ద కటకం వాటిలో ఒకటి. ఆ కొనుగోలు జరిపించిన ప్రీస్ట్లీ మిత్రుడు థామస్ కూపర్ ఆ ఏడాదే అక్కడ రసాయన శాస్త్ర ఆచార్యుడయ్యాడు. మన దేశంలో జగదీశ్ చంద్ర బోసు వాడిన పరికరాలు కలకత్తాలో ఆయన 1917లో స్థాపించిన సంస్థలోనే భద్రంగా ఉన్నాయి. పేరున్నవారి వస్తువులకు ఏదో ఒక గూడు దొరుకుతుంది. నీళ్ళ మాస్టారి త్రాసుకు అటువంటి హక్కేమీ లేదు. అది పనిచేస్తేనే దానికి విలువ.

మాఘమాసంలో ఒక ఆదివారం, గోదావరి అవతలి ఒడ్డు పల్లెలోని జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల నుంచి ఒక ఉపాధ్యాయుడు వచ్చాడు. ఎవరో చెప్పగా విన్నాడట. ముప్పయ్యేళ్ళ వాడు. వచ్చీరాగానే ఎంత పాతది, ఏ కంపెనీది అని అడగలేదు. బీరువా ముందు వంగి, మట్టం సరిచేసే మరలను చూసి, “మా గదిలో చెమ్మ ఎక్కువండీ. దీనికి ఏం చేయాలి?” అన్నాడు.

అటెండరు ముఖం వికసించింది. లోపల నీలంరంగు సిలికా జెల్ గిన్నె ఉంచాలనీ, అది గులాబీరంగుకు తిరిగినప్పుడు వేడిచేస్తే మళ్ళీ నీలమవుతుందనీ, దానిని పిల్లల చేతికి ఇవ్వరాదనీ చెప్పారు. దూలం కత్తిమొనలాంటి అగేటు రాతి అంచుమీద ఆడుతుంది. తూచనప్పుడు దూలాన్ని ఆ అంచు మీదినుంచి ఎత్తి ఉంచాలి. అలా చేయకుండా బరువు పెడితే అంచు చిట్లుతుంది, ఇక ఆ త్రాసు అబద్ధాలు చెబుతుంది. తూనికరాళ్ళను శ్రావణంతోనే పట్టుకోవాలి, వేలి చెమట కూడా బరువే. పెట్టెలో రెండు గ్రాముల రాయి ఎప్పుడో పోయింది. అంబాలా వారికి రాస్తే పంపుతారన్నారు. హర్యానాలోని ఆ ఊరు మన దేశంలో ప్రయోగశాలల సామానుకు పుట్టిల్లు. వరుసగా మూడు ఆదివారాలు ఆ ఉపాధ్యాయుడు పడవ దాటి వచ్చి నేర్చుకొని వెళ్ళాడు. మూడవసారి ఇద్దరు పిల్లలను కూడా వెంట తెచ్చాడు.

అన్నగారు ఫోనులో ఔనన్నారు. హోటలు వర్తకుడి ముప్పయ్ అయిదు వేలు మళ్ళీ ఎత్తలేదు. ఇక మిగిలింది మూడవ యజమానురాలి మాట. కూతురు వంటింట్లోకి వెళ్ళి, “అమ్మా, త్రాసును ఆ బడికి ఊరికే ఇచ్చేద్దామనుకొంటున్నాం. నువ్వేమంటావు?” అని అడిగింది.

“ఊరికే ఇవ్వద్దు” అన్నారు ఆవిడ.

కూతురు నిర్ఘాంతపోయింది. గాజుల సంగతి ఇన్నేళ్ళకు బయటికి వస్తున్నదేమోననుకొంది. ఆవిడ చేతులు తుడుచుకొని వసారాలోకి వచ్చి, ఉపాధ్యాయుడి ఎదుట నిలబడ్డారు.

“బాబూ, ఊరికే వచ్చినదాన్ని అటకమీద పెడతారు. మా ఇంట్లో అటకమీద ఉన్నవన్నీ ఊరికే వచ్చినవే. నువ్వు వెల ఇచ్చి తీసుకో.”

“ఎంతమ్మా?” అన్నాడతడు కొంచెం బెదురుతూ.

“వెయ్యి నూట పదహార్లు. బడి డబ్బు కాదు, నీది.”

అతడు జేబులో చూసుకొన్నాడు. ఎనిమిది వందలు ఉన్నాయి. మిగిలినది వచ్చే ఆదివారం తెస్తానన్నాడు. తెచ్చాడు కూడా. ఆవిడ నోట్లు లెక్కపెట్టుకొని కొంగున ముడి వేసుకొన్నారు. కళాశాలలవారికి రిజిస్టరు అడ్డువచ్చిన చోట, ఆవిడ తన రిజిస్టరులో అతడి పేరు ఎక్కించుకొన్నారన్నమాట. వెలతోపాటు బ్యూరెట్లు, సూక్ష్మదర్శిని, పాలు కొలిచే లాక్టోమీటరు కొసరుగా వెళ్ళాయి. నోటుపుస్తకాలను కూతురు తనవద్దనే ఉంచుకొంది, చివరిదానిని తప్ప. అందులో సగం కాగితాలు ఖాళీగా ఉన్నాయి.

ప్రయాణానికి త్రాసు విప్పవలసిన రోజు వచ్చింది. దూలం ఒకటిగా, పళ్ళాలు వేరుగా కట్టాలి. అటెండరు పనికి ఉపక్రమించబోతుండగా ఆవిడ ఆ గది గుమ్మం దగ్గరకు వచ్చారు. నలభై ఎనిమిదేళ్ళకు మొదటిసారి గడప దాటారు. సిమెంటు దిమ్మె దగ్గర నిలబడి, ముంజేతి గాజును సబ్బునీళ్ళ తడితో మెల్లగా తీసి, ముందుకు చాచారు.

“పెళ్ళి జాబితాలో రెండు కాసులని రాశారు. చూడండి.”

రెండు కాసులంటే పదహారు గ్రాములు. అటెండరు గాజును శుభ్రంగా తుడిచి ఎడమ పళ్ళెంలో ఉంచారు. కుడి పళ్ళెంలో పది గ్రాముల రాయి, అయిదు గ్రాముల రాయి. అద్దం దించి మర తిప్పగానే దూలం మెల్లగా లేచి ఊగింది. ముల్లు కుడికి, ఎడమకు, మళ్ళీ కుడికి పోయింది. శ్రావణంతో రేకులాంటి చిన్న తూనికలు ఒక్కొక్కటే చేర్చారు. అయిదు వందలు, నూరు, పది మిల్లీగ్రాములు. చివరకు దూలంమీది సన్నని తీగను కొంచెం కొంచెం జరిపి నిలిపారు. పిల్లలిద్దరూ ఊపిరి బిగపట్టి చూస్తున్నారు. వారి ఊపిరి తగిలినా ముల్లు కదులుతుందని ఉపాధ్యాయుడు చెప్పాడు మరి.

“పదిహేను పాయింటు ఆరు ఒకటి మూడు ఎనిమిదమ్మా. పదహారుకు మూడు వందల ఎనభయ్యారు మిల్లీగ్రాములు తక్కువ.”

“కంసాలి తక్కువ తూచాడా?” అంది కూతురు.

“కాదులే” అన్నారు ఆవిడ గాజు తిరిగి చేతికి ఎక్కించుకొంటూ. “అంట్లు తోమి తోమి అరిగింది.”

అటెండరు దూలాన్ని ఎత్తి నిలిపి, చివరి నోటుపుస్తకం తెరిచారు. మాస్టారి చేతిరాతలో ఆఖరి పద్దు ఒక బావినీటిది. దాని క్రింద గీత గీయకుండా, తరువాతి వరుసలోనే తేదీ వేసి, ప్రతీ అన్న గడిలో ‘గాజు, ఒకటి’ అనీ, ఫలితం గడిలో 15.6138 అనీ రాసి, పుస్తకాన్ని ఉపాధ్యాయుడి చేతికి ఇచ్చారు.